నగర చట్టం మారుస్తామంటే ఈ సలహాలు వినకండి

నగర పాలక సంస్థ చట్టాన్ని మార్చాలన్న మాట వచ్చినప్పుడల్లా సలహాలిచ్చేవాళ్లకు కొదవుండదు. రిటైరైన అధికారులు, మాజీ కార్పొరేటర్లు, కాలనీ సంక్షేమ సంఘాల పెద్దలు, టీవీ చర్చల్లో కూర్చునే నిపుణులు తలా ఒకటి చెబుతారు. వాళ్లలో చాలామంది నగరం బాగుపడాలనే చెబుతారు. అయినా అందులో తప్పుదారి పట్టించే మాటలు కొన్ని ఏళ్ల తరబడి అలాగే చలామణీ అవుతున్నాయి. సమీక్ష కమిటీలో కూర్చునేవారు, దానికి వినతిపత్రం రాసేవారు వాటిని వింటూనే గుర్తుపట్టాలన్నది నా తాపత్రయం.

ముందుగా ఒక సంగతి. అమెరికాలో చాలా నగరాలకు సొంత చార్టర్ ఉంటుంది. దాన్ని మార్చాలంటే సాధారణంగా ఓటర్ల ఆమోదం కావాలి. మన దగ్గర నగరానికి చార్టర్ అంటే రాష్ట్ర శాసనసభ చేసిన చట్టమే, ఎందుకంటే స్థానిక పాలన రాష్ట్ర జాబితాలోని అంశం. హైదరాబాద్‌కు 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం ఉంది. ఇప్పుడు దాన్నే గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) చట్టం అంటున్నాం. విశాఖపట్నం కార్పొరేషన్‌కు 1979 చట్టం పునాది. వీటి మీద 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ నీడ ఉంది. అది నగరాలకు ఇవ్వదగిన 18 పనులను పన్నెండో షెడ్యూలులో రాసింది. కానీ 'ఇవ్వాలి' అని కాకుండా 'ఇవ్వవచ్చు' అని రాసింది. మన నగరాల కష్టాల్లో సగం ఈ వెసులుబాటు నుంచే పుట్టాయి.

ఏ సలహా విన్నా ఒక ప్రశ్న వేసుకుని చూడండి. వానాకాలంలో మురుగునీరు ఇంట్లోకి వచ్చిన మనిషి ఎవరి గుమ్మం ముందు నిలబడాలి, ఆ గుమ్మంలో ఉన్నవాడి చేతిలో పైపు బాగుచేయించే అధికారం, డబ్బు, సిబ్బంది ఉన్నాయా? ఆ సలహా ఈ ప్రశ్నకు దగ్గర చేస్తే మంచిది. దూరం చేస్తే ఎంత పెద్దమనిషి చెప్పినా వద్దనండి.

"ముందు మ్యాప్ తేల్చండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు"

అన్నిటికంటే ముందు వినిపించేది ఇదే. నగరం ఒకటిగా ఉండాలా, మూడు ముక్కలు చేయాలా, శివారు మునిసిపాలిటీలను కలపాలా, వార్డులు ఎన్ని ఉండాలి అని చర్చ మొదలవుతుంది. మ్యాప్ కంటికి కనిపిస్తుంది కాబట్టి చర్చ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పత్రికలకూ పార్టీలకూ అదే అందివస్తుంది.

ఢిల్లీ అనుభవం చూడండి. 2012లో అక్కడి కార్పొరేషన్‌ను ఉత్తర, దక్షిణ, తూర్పు అని మూడుగా విడగొట్టారు. పాలన ప్రజలకు దగ్గరవుతుందన్నారు. ఆదాయమిచ్చే కాలనీలు ఎక్కువగా దక్షిణానికి పోయాయి. ఉత్తర, తూర్పు కార్పొరేషన్లు జీతాలకే తడుముకున్నాయి. పారిశుద్ధ్య కార్మికులు జీతాల కోసం మళ్లీ మళ్లీ సమ్మెకు దిగితే చెత్త వీధుల్లో పేరుకుపోయింది. 2022 మే నెలలో మూడింటినీ మళ్లీ ఒకటి చేశారు. వార్డులు 272 నుంచి 250కి తగ్గాయి. పదేళ్లలో మ్యాప్ రెండుసార్లు మారింది కానీ కార్పొరేషన్‌కు ఏ పని అప్పగించాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న లెక్క తేలలేదు. బెంగళూరులో 2024 చట్టం కింద 2025 సెప్టెంబరు నుంచి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఐదింటి మీదా ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒక అథారిటీ కూర్చుంది. నీళ్లు, మురుగు మాత్రం ఎప్పటిలాగే వేరే బోర్డు చేతిలోనే ఉన్నాయి.

హైదరాబాద్‌ది ఇందుకు తిరగబడిన కథ. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను పాత కార్పొరేషన్‌లో కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. 2025 చివర్లో అవుటర్ రింగ్ రోడ్డు వరకు ఉన్న మరో 27 పట్టణ సంస్థలను కలిపి, వార్డులను 150 నుంచి 300 చేశారు. కలపడం తప్పని నేననను. వాననీటికి మునిసిపాలిటీ హద్దు తెలియదు కాబట్టి ఎగువ చెరువు ఒకరి కింద, దిగువ కాలనీ మరొకరి కింద ఉండటం మంచిది కాదు. కానీ కుత్బుల్లాపూర్‌నో, ఎల్బీనగర్‌నో కలిపిన రోజున అక్కడి పౌరుడికి కొత్తగా ఏ హక్కు వచ్చింది? ఇదివరకు మునిసిపల్ చైర్మన్‌ను ఊళ్లోనే పట్టుకునేవాడు. ఆ తర్వాత సర్కిల్ ఆఫీసు, జోనల్ ఆఫీసు, ప్రధాన కార్యాలయం అని మూడు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. పనులు, డబ్బు, సిబ్బంది ఏ మెట్టు దగ్గర ఉంటాయో చట్టంలో రాశాక మ్యాప్ గీస్తే, ఆ గీతకు అర్థం ఉంటుంది.

"పని పెద్దదైతే దానికొక ప్రత్యేక సంస్థ పెట్టండి"

నా లెక్కలో అన్నిటికన్నా హాని చేసింది ఈ సలహానే.

దీనికి మన గడ్డ మీద గౌరవమైన చరిత్రే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద తర్వాతి ఆలోచనల ఫలితమే. ఆ కాలపు పనిని తక్కువ చేసి మాట్లాడలేం. అయితే అది నిజాం ప్రభుత్వం. బోర్డు పాలకుడికి జవాబు చెబితే సరిపోయేది. ఓటు వేసే పౌరులున్న నగరంలో అదే పద్ధతి కొనసాగిస్తే, పని చేసేవాడు ఒకడు, మాటలు పడేవాడు మరొకడు అవుతాడు.

అయినా కొనసాగించాం. 1975లో పట్టణాభివృద్ధికి హుడా, 1989 చట్టంతో నీళ్లు, మురుగు చూసే జలమండలి, 2008లో హుడా స్థానంలో హెచ్‌ఎండీఏ, 2024లో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాయి. ప్రతిదాని వెనుకా ఒక నిజమైన అవసరం ఉంది. కార్పొరేషన్ చేయలేకపోతోంది కాబట్టి కొత్త సంస్థ అంటారు. కార్పొరేషన్ ఎందుకు చేయలేకపోతోందని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే సిబ్బంది లేరని, డబ్బు లేదని, నిర్ణయం తీసుకునే అధికారం లేదని తేలుతుంది. ఆ మూడూ కొత్త సంస్థకు మొదటి రోజే ఇస్తారు. పాతదానికి ఇచ్చి ఉంటే సరిపోయేది కదా అనిపించక మానదు.

2020 అక్టోబరు వరదలప్పుడు ఇళ్లలోకి నీళ్లొచ్చినవాళ్లకు ఈ సంస్థల లోకం అనుభవంలోకి వచ్చింది. వాననీటి నాలా బల్దియాది, అంటే జీహెచ్‌ఎంసీది. మురుగు పైపు కొన్నిచోట్ల జలమండలిది, శివార్లలో అప్పటికింకా బల్దియాదే. 2021లో గానీ శివారు మురుగు జలమండలికి పోలేదు. చెరువు కట్ట నీటిపారుదల శాఖది. చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు తేల్చడానికి రెవెన్యూ వాళ్లు రావాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ గుండా నాలా పోతే అక్కడ రక్షణ శాఖ కింది బోర్డు ఉంటుంది. ఇంట్లో నిలిచిన నీళ్లు మాత్రం ఇవన్నీ కలిసినవే. కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తే ఆయన అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ)కి చేస్తాడు, ఏఈ 'అది మా పరిధి కాదండీ' అంటాడు. ఆ ఏఈ అబద్ధం చెప్పడం లేదు.

పన్నెండో షెడ్యూలు తెరవండి. పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా, అగ్నిమాపక సేవలు నగర సంస్థ పనులుగా ఉన్నాయి. హైదరాబాద్‌లో మాస్టర్‌ప్లాన్ హెచ్‌ఎండీఏ చేతిలో, నీళ్లు ముఖ్యమంత్రి చైర్మన్‌గా ఉన్న జలమండలి చేతిలో, అగ్నిమాపకం రాష్ట్ర శాఖ చేతిలో ఉన్నాయి. జలమండలిని రద్దు చేయమని నేననను. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లను, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లను తెచ్చే పని ఒక్క నగరపాలక సంస్థ భుజాన వేయలేం. కానీ నీళ్లు నగరంలోకి వచ్చాక ఏ బస్తీకి ఎప్పుడు ఇవ్వాలి, మురుగు పైపు ఏ వీధిలో ముందు మార్చాలి అన్నవి ఎన్నికైన సభ ముందు తేలాలి. బోర్డు బడ్జెట్ కౌన్సిల్ ముందుకు రావాలి. బోర్డు ఎండీ కౌన్సిల్ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. మహానగర ప్రణాళికకైతే రాజ్యాంగమే దారి చూపింది. మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీలో మూడింట రెండు వంతుల సభ్యులను ఆ ప్రాంతంలోని మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచే ఎన్నుకోవాలని 243 జెడ్‌ఈ అధికరణం చెబుతోంది. సమీక్ష కమిటీ ఆ కమిటీని కాగితం మీది నుంచి దించి పనిలో పెట్టించాలి.

సమీక్షకు కూర్చునేవారు మొదటి రోజునే ఒక పట్టిక వేయాలి. ఎడమ వైపు ఆ 18 పనులు. ఒక్కోదాని ఎదురుగా నిర్ణయం ఎవరిది, ఖర్చు ఎవరిది, ఆ పని చేసే ఉద్యోగిని బదిలీ చేసేది ఎవరు అని రాయాలి. మూడు గళ్లలో మూడు పేర్లు వచ్చిన ప్రతి వరుసా చట్టంలో సరిచేయాల్సిన చోటు. ఇంత చిన్న కసరత్తు చేయకుండా వందల పేజీల నివేదిక రాస్తే ఉపయోగం లేదు.

"పెత్తనం కమిషనర్ దగ్గరుంటేనే పనులవుతాయి"

ఈ మాట చదువుకున్నవాళ్ల నోట ఎక్కువ వింటాం. కార్పొరేటర్లు కమీషన్ల కోసం పాకులాడతారు, ఐఏఎస్ అధికారి అయితే నిష్పాక్షికంగా ఉంటాడు అంటారు. కార్పొరేటర్ల మీద కోపం ఊరికే పుట్టలేదని నాకూ తెలుసు. కానీ ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

1865లో బొంబాయికి ఆర్థర్ క్రాఫర్డ్‌ను మునిసిపల్ కమిషనర్‌గా పెట్టారు. అధికారమంతా ఆయన చేతిలోనే ఉంది. క్రాఫర్డ్ చురుకైనవాడు, మార్కెట్ కట్టించాడు, పారిశుద్ధ్యం మీద పడ్డాడు. కానీ ఖర్చుకు లెక్కాపత్రం అడిగేవాళ్లు లేకపోవడంతో నగర ఖజానా కుదేలైంది. పన్ను కట్టేవాళ్లు తిరగబడ్డారు. 1872లో 64 మంది సభ్యుల కార్పొరేషన్ వచ్చింది, అందులో సగం మందిని పన్ను చెల్లించేవాళ్లే ఎన్నుకున్నారు. 1888 చట్టంలో చర్చించే పని కార్పొరేషన్‌కు, డబ్బు మీద కన్ను స్టాండింగ్ కమిటీకి, అమలు చేసే అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌కు పంచారు. వలస పాలకులు భారతీయ ప్రతినిధులకు ఎంతవరకు ఇవ్వొచ్చని వేసుకున్న లెక్క అది. స్వతంత్ర దేశంలో చేసిన 1955 చట్టంలోనూ కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అన్న ఆ మూడు కాళ్లే ఉన్నాయి. సభ్యులు ఎన్నుకున్న మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు, కమిషనర్ నగరాన్ని నడుపుతారు, ఆ కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏ సాయంత్రమైనా బదిలీ చేయగలదు. ఇందులో నగరానికి జవాబుదారీ ఎవరు?

అమెరికాలో కూడా నిపుణుడైన అధికారి చేతికి నగరాన్ని అప్పగించారు కదా అని వాదించేవారున్నారు. నిజమే. 1913 వరదలో మునిగాక ఒహాయోలోని డేటన్ నగరం సిటీ మేనేజర్ పద్ధతికి మారింది. తేడా ఏమిటంటే ఆ మేనేజర్‌ను ఎన్నికైన సభ నియమిస్తుంది, ఆ సభే తీసేస్తుంది. మన దగ్గర కావాలన్నా ఉదాహరణ ఉంది. కలకత్తాలో 1980 చట్టం 1984 నుంచి అమలులోకి వచ్చింది. అక్కడ మేయర్, డిప్యూటీ మేయర్, మరికొందరు సభ్యులు కలిసి మేయర్-ఇన్-కౌన్సిల్‌గా ఏర్పడి ఒక్కొక్కరు కొన్ని శాఖలు చూస్తారు. కమిషనర్ వాళ్ల కింద పనిచేస్తారు. కలకత్తాలో అవినీతి లేదని నేను చెప్పను. అక్కడ నీళ్లు నిలిస్తే ఎవరిని ఓడించాలో ఓటరుకు తెలుసు. నాకు అదే ముఖ్యం.

దీనికి తోడుగా వచ్చేదే, మేయర్‌ను నేరుగా ఎన్నుకుంటే చాలన్న సలహా. ఆ ముచ్చటా తీరింది. 2002లో హైదరాబాద్ ఓటర్లు మేయర్‌ను నేరుగానే ఎన్నుకున్నారు. జనం ఓట్లు వేశారు కానీ చట్టంలో మేయర్ చేతికి అమలు అధికారం రాలేదు. సిమ్లాలో 2012లో నేరుగా గెలిచిన మేయర్, డిప్యూటీ మేయర్ ఇద్దరూ సీపీఎం వారు, సభలో ఆ పార్టీకి ముగ్గురే. తర్వాత ఆ పద్ధతినే ఎత్తేశారు. కుర్చీకి అధికారం రాయకుండా కుర్చీలో కూర్చునే పద్ధతి మారిస్తే ఫలితం ఇంతే. పైగా ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు హోదా రీత్యా (ఎక్స్‌అఫీషియో) సభ్యులుగా మేయర్ ఎన్నికలో ఓటు వేసే ఏర్పాటు ఉన్నంతకాలం, వార్డుల్లో పడ్డ ఓటు విలువ పలచబడుతూనే ఉంటుంది. ఆ ఓటు హక్కును తీసేయాలి.

"డబ్బు సంగతి రాష్ట్రం చూసుకుంటుంది"

2015లో హైదరాబాద్‌లో ఏడాదికి 1,200 రూపాయల వరకు ఆస్తిపన్ను ఉన్న ఇళ్లకు దాన్ని 101 రూపాయలు చేశారు. పేద ఇళ్లకు ఊరట దక్కింది, సంతోషం. కానీ నగరం సొంత ఆదాయం మీద ఆ నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వానిది, ఎన్నికైన కౌన్సిల్‌ది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తిపన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చిందీ శాసనసభే. పన్ను పెంచితే తిట్లు, తగ్గిస్తే దండలు రెండూ నగర సభకే రావాలి. లేకపోతే కౌన్సిలర్లు ఎప్పుడూ గ్రాంటు అడిగేవాళ్లుగానే మిగులుతారు. నగరాలకు ఎంత వాటా ఇవ్వాలో సూచించే రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులను ఎంత కాలంలో ఆమోదించాలో, ఆమోదించకపోతే కారణం శాసనసభలో ఎప్పుడు చెప్పాలో గడువుతో సహా చట్టంలో రాయించండి.

"ఎన్నికలు కొన్నాళ్లు ఆగితే కొంపలేం మునగవు"

మునుగుతాయి. విశాఖపట్నంలో 2012లో పాలకవర్గం గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారి పాలన. భీమునిపట్నం, అనకాపల్లిల విలీనం, వార్డుల విభజన, కోర్టు కేసులు ఒకదాని వెంట ఒకటి కారణాలయ్యాయి. బెంగళూరులో 2020 సెప్టెంబరులో పాలకవర్గం గడువు ముగిసింది. ఆ తర్వాత 198 వార్డులను 243 అన్నారు, మళ్లీ 225 అన్నారు, ఐదు కార్పొరేషన్లు వచ్చేదాకా కూడా ఎన్నిక జరగలేదు. హైదరాబాద్‌లో 2007లో విలీనం చేస్తే 2009 నవంబరులో గానీ ఓట్లు పడలేదు. మ్యాప్ ముందు అన్న సలహా ఎందుకంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది. ఈ మూడు చోట్లా హద్దులు కదిపినప్పుడు ఎన్నికలు వెనక్కి పోయాయి.

ఐదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం 243 యూలో చెప్పింది. అహ్మదాబాద్ కార్పొరేషన్ విషయంలో కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కాబట్టి నగర చట్టంలో ఒక వాక్యం చేర్పించండి: పాలకవర్గం చివరి ఏడాదిలో హద్దులు, వార్డులు మార్చరాదు, మార్పు పూర్తికాకపోతే పాత వార్డులతోనే ఎన్నికలు జరగాలి. ఈ ఒక్క వాక్యం చాలామంది ప్రత్యేకాధికారుల అవసరం తప్పిస్తుంది.

"ఇది నిపుణుల పని, జనానికి అర్థం కాదు"

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం 1913 నుంచి ఒక విచిత్రమైన పద్ధతిలో నడిచింది. ఎన్నికైన ఒక్కో కమిషనర్ నగరంలోని కొన్ని శాఖలను తానే నడిపేవాడు. ఒక శాఖకు పక్క శాఖ పట్టేది కాదు. మన జలమండలి, బల్దియా, హెచ్‌ఎండీఏల బాధను వాళ్లు ఒకే గొడుగు కింద పడ్డారన్నమాట. అక్కడ కనీసం పదేళ్లకోసారి చార్టర్‌ను సమీక్షించే కమిషన్ వేయాలన్న నియమం ఉంది. 20 మంది పౌరులు సభ్యులు. వాళ్లలో 15 మంది ఒప్పుకుంటే ప్రతిపాదన నగర సభను దాటి నేరుగా ఓటర్ల ముందుకు పోతుంది. ఈ మధ్య వేసిన కమిషన్‌లో 17 మంది ఒప్పుకున్నారు. నాలుగు జిల్లాలు, ఒక్కో జిల్లా నుంచి ముగ్గురు సభ్యులు, మేయర్, ఆయన కింద పరిపాలనాధికారి అన్న కొత్త ఏర్పాటును 2022 నవంబరులో ఓటర్లు ఆమోదించారు. 2025 జనవరి నుంచి అది నడుస్తోంది. జనానికి అర్థం కాదన్నవాళ్లు అక్కడా ఉండే ఉంటారు.

మన దగ్గర చట్టాన్ని ఓటర్ల ఆమోదానికి పెట్టే వీలు లేదు. కానీ ముసాయిదాను తెలుగులో, హైదరాబాద్‌లోనైతే ఉర్దూలోనూ ముందుగా ప్రచురించడానికి, డివిజన్‌కో సభ పెట్టడానికి అడ్డేమీ లేదు. పదేళ్లకోసారి సమీక్ష తప్పనిసరి అని చట్టంలోనే రాసుకోవచ్చు. జనాభా మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. 2023 జూన్‌లో జీహెచ్‌ఎంసీ 150 వార్డు కార్యాలయాలు తెరిచింది. అధికారులు దగ్గరికి రావడం మంచిదే. కానీ కార్యాలయం వేరు, కమిటీ వేరు. కార్యాలయానికి పౌరుడు ఫిర్యాదుతో వెళ్తాడు, కమిటీలో కూర్చుని వార్డు నిధుల్లో ముందు ఏ పని చేయాలో తేలుస్తాడు. ఈ కమిటీ ప్రతి వార్డుకూ కావాలి, సభ్యులను ఆ వార్డువాళ్లే ఎంచుకోవాలి.

రేపు మీ నగరానికి కొత్త చట్టం ముసాయిదా వస్తే మ్యాప్ ఉన్న పేజీని పక్కన పెట్టండి. పనుల జాబితా, కమిషనర్ నియామకం, ఎన్నికల గడువు, వార్డు కమిటీ ఉన్న సెక్షన్లను వెతికి చదవండి. అవి మారకపోతే అభ్యంతరం రాసి, గడువులోగా పంపి, రసీదు తీసుకోండి. కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఒకటి, మీ సొంత సంతకంతో మరొకటి పంపండి. మీ ఎమ్మెల్యేకు కూడా ఒక ప్రతి ఇవ్వండి, ఎందుకంటే ఆ చట్టం మీద ఓటు వేసేది ఆయనే.